వెన్నెల లేని రాత్రి, చిన్న విమానం

అమెరికాలో ప్రైవేట్ పైలట్ లైసెన్సు వచ్చిందంటే రాత్రిపూట ఎగరడానికి అనుమతి కూడా దానితోపాటే వచ్చినట్టు. శిక్షణలో ఇన్‌స్ట్రక్టర్‌ను పక్కన పెట్టుకుని 3 గంటలు రాత్రివేళ ఎగరాలి. అందులో 100 నాటికల్ మైళ్లు దాటే ప్రయాణం ఒకటి, విమానం పూర్తిగా ఆగే ల్యాండింగులు 10 ఉండాలి. అంతే. మబ్బుల్లో నడపడానికి కావలసిన ఇన్‌స్ట్రుమెంట్ రేటింగు లేకపోయినా, అమావాస్య నాడు ముగ్గురు మనుషులను ఎక్కించుకుని ఎడారి మీదుగా వెళ్లడానికి చట్టం అడ్డు చెప్పదు. బ్రిటన్‌లో, కెనడాలో దీనికి వేరుగా నైట్ రేటింగు సంపాదించాలి. మన దేశంలోనైతే కంటిచూపు ఆధారంగా సాగే ప్రయాణాలకు చీకటి పడ్డాక సాధారణంగా అనుమతి ఉండదు. ఎయిర్‌పోర్టు చుట్టుపక్కల తిరిగే శిక్షణ విమానాలకు కంట్రోలర్లు మినహాయింపు ఇస్తారు.

నేను అరిజోనాలోని చాండ్లర్‌లో ఉద్యోగం చేస్తూ, అక్కడి మునిసిపల్ ఎయిర్‌పోర్టులో సెస్నా 172 మీద నేర్చుకున్నాను. కంప్యూటర్ చిప్‌ల పరిశ్రమ పుణ్యమా అని చాండ్లర్‌లో తెలుగు కుటుంబాలు చాలా ఉన్నాయి. వారాంతాల్లో విమానం నేర్చుకోవాలని ఉత్సాహపడేవాళ్లు నన్ను పలకరిస్తూ ఉంటారు. ఇంజన్ ఆగిపోతే ఏం చేస్తారు, గాలివాన వస్తే ఎలా అని అడుగుతారు. వాతావరణం శుభ్రంగా ఉన్న రాత్రి గురించి మాత్రం ఎవరూ అడగరు. మొత్తం శిక్షణలో నాకు నిజంగా భయం నేర్పింది ఆ శుభ్రమైన రాత్రే. అందుకే ఇది వివరంగా రాస్తున్నాను.

రాత్రి పాఠాలు మొదలయ్యే ముందు మా ఇన్‌స్ట్రక్టర్ నన్ను నేల మీదే ఒక తిరిగే కుర్చీలో కూర్చోబెట్టారు. లోపలి చెవి మీద చేసిన కృషికి 1914 నోబెల్ బహుమతి పొందిన రాబర్ట్ బరానీ పేరుతో దాన్ని బరానీ కుర్చీ అంటారు. కళ్లకు గంతలు కట్టి, ఎటు తిరుగుతున్నట్టు అనిపిస్తే బొటనవేలు అటు చూపించమన్నారు. కుర్చీ మొదట ఎడమకు తిరిగింది, ఎడమే చూపించాను. కాసేపటికి వేగం తగ్గుతున్నట్టు, ఆ తర్వాత ఆగిపోయినట్టు అనిపించి వేలు నిటారుగా నిలబెట్టాను. అప్పుడు ఆమె కుర్చీని మెల్లగా ఆపారు. నాకు మాత్రం కుడివైపు జోరుగా తిరగడం మొదలైనట్టు తోచింది. గంతలు విప్పాక గదిలో ఉన్న మిగతా విద్యార్థులు చెప్పారు: నేను ఆగిపోయిందని చూపించినంతసేపూ కుర్చీ ఒకే వేగంతో ఎడమకు తిరుగుతూనే ఉందట. కుడికి తిరుగుతోందని చూపించినప్పుడు కదలకుండా ఉందట.

కారణం లోపలి చెవిలో ఉంది. అక్కడి మూడు అర్ధవర్తుల కుల్యల్లో ద్రవం ఉంటుంది. చెంబును గుండ్రంగా తిప్పితే లోపలి నీరు మొదట వెనకబడి, కాసేపటికి చెంబుతో సమానంగా తిరిగినట్టే, ఆ ద్రవం కూడా 20 సెకన్లు అటూ ఇటూగా తలతో సమానమైపోతుంది. అక్కడినుంచి మెదడుకు తిరుగుడు వార్త అందదు. మలుపు మరీ నెమ్మదిగా, సెకనుకు 2 డిగ్రీల లోపు మొదలైతే అసలు మొదటినుంచే వార్త ఉండదు. నేల మీద మనకు ఇదేమీ తెలియదు, ఎందుకంటే కళ్లు అనుక్షణం లెక్క సరిచేస్తూ ఉంటాయి. రాత్రి ఆకాశంలో ఆ సరిచేసేవాళ్లే ఉండరు.

కుర్చీ తిరుగుతుండగా తల ముందుకు వంచి, పైకెత్తమన్నారు. అది మరో అనుభవం. ఒక్కసారిగా కుర్చీతో సహా పల్టీ కొట్టినట్టయి రెండు చేతులతో పట్టుకున్నాను. మలుపులో ఉన్నప్పుడు కింద పడిన పెన్ను కోసమో, టార్చి కోసమో వంగడం రాత్రి కాక్‌పిట్‌లో ఎందుకంత ప్రమాదమో ఎవరూ విడమరచి చెప్పనక్కర్లేకపోయింది. ఇప్పుడు నా టార్చి, పెన్ను రెండూ తాడుతో మెడలో వేలాడుతూ ఉంటాయి.

తొలి రాత్రులు ఊరి మీదే సాగాయి. చాండ్లర్‌ను ఆనుకుని ఉన్న ఫీనిక్స్ వీధులు చాలావరకు నిలువు, అడ్డ గీతల్లో ఉంటాయి. పైనుంచి ఆ దీపాల వరసలు చూస్తే దిగంతం ఎక్కడుందో సందేహమే రాదు. చీకటికి కళ్లు పూర్తిగా అలవాటు పడడానికి 30 నిమిషాలు పడుతుందని, ఒక్క తెల్లటి వెలుగు దాన్ని క్షణంలో చెడగొడుతుందని, మసక వస్తువును సూటిగా కాకుండా కాస్త పక్కకు చూస్తేనే కనిపిస్తుందని నేర్చుకున్నాను. ల్యాండింగులు కూడా బాగానే కుదిరాయి. ఆ రోజుల్లో రాత్రి ప్రయాణం పగటికన్నా హాయి అనిపించింది. గాలి నిలకడగా ఉంటుంది, రేడియోలో రద్దీ ఉండదు.

తర్వాత అమావాస్య దగ్గరపడిన ఒక రాత్రిని మా ఇన్‌స్ట్రక్టర్ కావాలనే ఎంచుకున్నారు. వాతావరణ నివేదికలో ఆకాశం నిర్మలం, చూపు 10 మైళ్లు. ఇంతకన్నా మంచి రిపోర్టు ఉండదు. 22వ రన్‌వే నుంచి నైరుతి దిక్కుగా లేచాం. చాండ్లర్ ఊరు వెనక్కి పోగానే ముందు గిలా నది ఆదివాసుల భూములు వస్తాయి. అక్కడ దీపాలు బాగా తక్కువ. రన్‌వే దీపాలు రెక్కల కింద జారిపోయిన మరుక్షణం అద్దం ముందు ఏమీ లేదు. పైనున్న నలుపుకూ కిందనున్న నలుపుకూ మధ్య గీత లేదు.

“బయట ఏం కనిపిస్తోంది?” అని అడిగారు.

“ఏమీ లేదండీ.”

“అయితే బయట చూసి నడపడం ఇక్కడితో ఆపండి. ఆటిట్యూడ్ ఇండికేటర్ చూసి ముక్కు ఎంత లేచిందో చెప్పండి, ఎయిర్‌స్పీడ్ చెప్పండి, ఎత్తు పెరుగుతోందో లేదో చెప్పండి. పైకి చదవండి, మనసులో కాదు.”

ఆటిట్యూడ్ ఇండికేటర్ అంటే ముక్కు లేచిందో వాలిందో, రెక్కలు ఎటు ఒరిగాయో చూపించే పరికరం. చదువుతూ పైకి వెళ్లాం. టేకాఫ్‌లో వేగం పుంజుకుంటున్నప్పుడు వీపు సీటుకు ఒత్తుకుంటుంది కదా. చెవిలో గురుత్వాన్ని పసిగట్టే భాగాలకు ఆ ఒత్తిడికీ, విమానం ముక్కు పైకి లేవడానికీ తేడా తెలియదు. ముక్కు మరీ లేచిపోతోందన్న భ్రమ కలిగి, పైలట్ చెయ్యి కంట్రోలును ముందుకు నెడుతుంది. నేల అప్పటికి కొన్ని వందల అడుగుల దూరంలోనే ఉంటుంది. సెస్నా 172 లాంటి తక్కువ శక్తి ఇంజనున్న విమానంలో ఈ భ్రమ స్వల్పమే, శక్తిమంతమైన విమానాల్లో ఎక్కువ. కానీ నాకు ఆ రాత్రి స్వల్పంగానైనా తెలిసింది, అది చాలు.

కాసా గ్రాండే దాటాక, ఎత్తు సరిపడా ఉన్నచోట అసలు పాఠం. “కళ్లు మూసుకోండి. విమానం మీ చేతిలోనే ఉంది. తిన్నగా, ఒకే ఎత్తులో నడపండి. ఎలా వెళ్తున్నామో నాకు చెబుతూ ఉండండి,” అన్నారు. కంట్రోలు తేలికగా పట్టుకుని కూర్చున్నాను. ఒరిగినట్టు అనిపించిన ప్రతిసారీ కొద్దిగా సరిచేశాను. తిన్నగా ఉంది అన్నాను. మళ్లీ తిన్నగానే ఉంది అన్నాను. ఇంజను శబ్దం కాస్త పెరిగినట్టుంది తప్ప ఒళ్లు ప్రశాంతంగా ఉంది, కడుపులో తిప్పలేదు, తల తిరగలేదు. కళ్లు తెరవమన్నారు. ఎడమ రెక్క బాగా కిందికి వాలి ఉంది. ముక్కు కిందికి ఉంది. ఎయిర్‌స్పీడ్ ముల్లు జాగ్రత్తపడమని చెప్పే పసుపు గీతవైపు పోతోంది, ఎత్తు చూపించే ఆల్టీమీటర్ వెనక్కి తిరుగుతోంది. కిటికీ బయట మాత్రం అంతకుముందున్న నలుపే ఉంది, ఏ హెచ్చరికా లేదు.

దీని గురించి చదివినప్పుడు కళ్లు తిరగడం, తూలిపోవడం లాంటిదేదో ఉంటుందని ఎవరైనా ఊహిస్తారు. పైలట్లు స్పేషియల్ డిస్‌ఓరియెంటేషన్ అని చెప్పే ఈ స్థితిలో చాలామందిని బలితీసుకునేది గమనానికే రాని రకం. దిక్కు తప్పిందని తెలిసినవాడు పోరాడతాడు. తెలియనివాడికి పోరాడే కారణమే ఉండదు. నేను తిన్నగా ఉందని చెప్పిన మాట నా ఒంటికి సంబంధించినంతవరకు పూర్తిగా నిజం.

అలాంటి స్థితిలోంచి బయటపడడానికి ఒక వరస ఉంది, దాన్ని తారుమారు చేయకూడదు. ముందు థ్రాటిల్ తగ్గించాలి. తర్వాత రెక్కలు సమం చేయాలి. ఆ తర్వాతే ముక్కు పైకెత్తాలి. ఎత్తు పోతోందని కంగారుపడి మొదటే వెనక్కి లాగితే, రెక్కలు ఒరిగి ఉన్నాయి గనక ఆ లాగుడు విమానాన్ని పైకి తీసుకెళ్లదు, మలుపును ఇంకా బిగిస్తుంది. వేగం పెరుగుతుంది, ఎత్తు ఇంకా పోతుంది, పైలట్ ఇంకా లాగుతాడు. దీన్నే గ్రేవ్‌యార్డ్ స్పైరల్ అంటారు.

నేను వరస ప్రకారం సరిచేశాను. అక్కడితో అయిపోలేదు. పరికరాలన్నీ తిన్నగా ఉందంటున్నాయి, నా ఒళ్లంతా కుడికి ఒరిగిపోయామంటోంది. ఆ భావన ఎంత బలంగా ఉందంటే, నాకు తెలియకుండానే నా భుజం ఎడమకు వాలిపోయింది. ఆమె వేలితో తాకి చూపించారు. దూరంగా ఏటవాలుగా పోతున్న ఇంటర్‌స్టేట్ 10 దీపాల వరస వంక చూస్తే, అదే దిగంతమని, దానికి సమాంతరంగా రెక్కలు పెట్టాలని మనసు గట్టిగా లాగింది. “లోపల ఏమనిపించినా అనిపించనివ్వండి. దాన్ని పోగొట్టే ప్రయత్నం వద్దు. చెయ్యి మాత్రం ముల్లు చెప్పినట్టు వినాలి,” అన్నారామె. నా శిక్షణ మొత్తంలో నాకు బాగా పనికొచ్చిన మాట అదే. ఒంటికి నచ్చజెప్పడం మన వల్ల కాదు. అది తన వాదన తాను వినిపిస్తూ ఉండగానే మనం పని చేసుకుపోవాలి. కాసేపటికి ఆ ఒరుగుడు దానంతటదే పోయింది.

ఇల్లినాయ్ విశ్వవిద్యాలయంలో 1954లో ఒక ప్రయోగం చేశారు. పరికరాల మీద ఆధారపడి నడిపే అనుభవం లేని 20 మందిని, బయట కనిపించకుండా చేసి విమానం నడపమన్నారు. ఇరవై మందీ అదుపు కోల్పోయారు. 19 మంది స్పైరల్‌లోకి, ఒకరు ముక్కు పైకెత్తి వేగం కోల్పోయే స్థితిలోకి వెళ్లారు. సగటున అందుకు పట్టిన సమయం 178 సెకన్లు. అంటే మూడు నిమిషాలు కూడా కాదు. ఆ ప్రయోగం వల్లే తర్వాత శిక్షణలో తిరిగి వెనక్కి మళ్లే పద్ధతి, పరికరాల మీద ప్రాథమిక సాధన చోటు చేసుకున్నాయి. ఇప్పుడు ప్రైవేట్ లైసెన్సుకు 3 గంటల పరికరాల సాధన తప్పనిసరి. నా అభిప్రాయం అడిగితే 3 గంటలు ఏ మాత్రం సరిపోవు.

1999 జూలై 16న జాన్ ఎఫ్. కెనెడీ జూనియర్ న్యూజెర్సీలోని ఎసెక్స్ కౌంటీ ఎయిర్‌పోర్టు నుంచి రాత్రి 8:38కి పైపర్ సారటోగాలో బయలుదేరారు. భార్య, ఆమె అక్క వెంట ఉన్నారు. అప్పటికి ఆయన అనుభవం సుమారు 310 గంటలు. ఇన్‌స్ట్రుమెంట్ శిక్షణ మొదలుపెట్టారు గానీ రేటింగు ఇంకా రాలేదు. మార్థాస్ విన్యార్డ్ ద్వీపం చేరేముందు సముద్రం మీద చీకటి, పలచటి పొగమంచు లాంటి మసక. నియమాల ప్రకారం ఆ ప్రయాణానికి అభ్యంతరం లేదు. రాడార్ నమోదుల్లో చివరి భాగం చూస్తే మలుపులు, ఎత్తు మారడం, మళ్లీ మలుపు, ఆఖరున నిమిషానికి 4,700 అడుగులు దాటిన వేగంతో కిందికి. రాత్రివేళ నీటి మీదుగా ఎత్తు తగ్గించుకుంటూ వస్తుండగా, స్పేషియల్ డిస్‌ఓరియెంటేషన్ వల్ల అదుపు కోల్పోయారని అమెరికా రవాణా భద్రతా మండలి తేల్చింది. ఈ ఘటనను ఆయన వంశం పేరు వల్ల లోకం గుర్తుపెట్టుకుంది. నాకు మాత్రం అందులో కనిపించేది వారాంతంలో సొంతవాళ్లను తీసుకుని బయలుదేరిన ఒక మామూలు పైలట్. ఆ వారాంతపు పైలట్లలో నేనూ ఒకడిని.

మరో రాత్రి ఎడారిలో ఒంటరిగా ఉన్న ఒక చిన్న ఎయిర్‌పోర్టుకు వెళ్లాం. మైకు మీటను 5 సెకన్లలో 7 సార్లు నొక్కితే రన్‌వే దీపాలు పూర్తి వెలుగుతో వెలుగుతాయి. చుట్టూ ఇల్లు లేదు, రోడ్డు లేదు, నల్లటి శూన్యంలో రెండు దీపాల వరసలు మాత్రమే. దీన్ని బ్లాక్ హోల్ అప్రోచ్ అంటారు. ఎంత దూరంలో ఉన్నామో, ఎంత ఎత్తులో ఉన్నామో చెప్పే ఆనవాళ్లు కంటికి లేవు గనక ఉన్నదానికన్నా ఎత్తులో ఉన్నామనిపిస్తుంది. నాకూ ఎత్తు ఎక్కువైందనే అనిపించింది. దిగే కోణం సరిగ్గా ఉందో లేదో చెప్పే, రన్‌వే పక్కన ఉన్న పాపీ దీపాలు మాత్రం రెండు తెలుపు, రెండు ఎరుపు నుంచి మూడు ఎరుపులకు మారాయి, అంటే ఉండవలసినదానికన్నా కిందికి జారుతున్నాం. పవర్ పెంచి మళ్లీ రెండు, రెండుకు తెచ్చాను. బోయింగ్‌లో కాన్రాడ్ క్రాఫ్ట్ అనే పరిశోధకుడు 1960లలో సిమ్యులేటర్‌లో ఇదే పరిస్థితి కల్పించి చూస్తే, ఎంతో అనుభవమున్న పైలట్లు కూడా రన్‌వేకు ముందే నేలను తాకే దారిలో దిగారు. పాపీ గానీ, దిగే కోణం చూపించే మరో సాధనం గానీ లేని చీకటి రన్‌వేకు నేను రాత్రి వెళ్లను.

కొండల సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. 2011 నవంబర్ 23న మెసాలోని ఫాల్కన్ ఫీల్డ్ నుంచి లేచిన జంట ఇంజన్ల చిన్న విమానం కొద్ది నిమిషాల్లోనే సూపర్‌స్టిషన్ కొండలను ఢీకొంది. ముగ్గురు పిల్లలతో సహా ఆరుగురు చనిపోయారు. అది దిక్కు తప్పడం కాదు, కొండ కనిపించకపోవడం. కానీ చేసింది అదే చీకటి. పగలు మా ఇంటి దగ్గరి నుంచి చూసినా కనిపించే కొండ అది. రాత్రి దీపాలు లేని చోటు ఖాళీ అనుకుంటాం, నిజానికి అక్కడే రాయి ఉంటుంది. అందుకే మ్యాపులో ప్రతి గడికీ ముద్రించి ఉండే గరిష్ఠ ఎత్తు చూసి, దానికి పైన ఇంకా కలుపుకుని బయలుదేరడం అలవాటు చేసుకున్నాను.

లైసెన్సు వచ్చాక ఆఫీసులో ఒక తెలుగు తమ్ముడు అడిగాడు. “అన్నా, దీపావళి రాత్రి ఫీనిక్స్ అంతా పైనుంచి చూపిస్తావా?”

“దీపావళి ఎప్పుడూ అమావాస్యే కదా తమ్ముడూ. పౌర్ణమి దగ్గర చూసుకుని వెళ్దాం, అదీ ఊరు దాటకుండా,” అన్నాను. అతనికి కొంచెం నిరాశే. అలాగే తీసుకెళ్లాను, చంద్రుడు బాగా పైకి వచ్చాక, దీపాల మీదనే. ఆ వారమే ఇన్‌స్ట్రుమెంట్ రేటింగుకు చేరాను.

దానికి 40 గంటల పరికరాల సాధన కావాలి. బయట కనిపించకుండా చేసే కళ్లద్దాలు పెట్టుకుని గంటల తరబడి ఆరు పరికరాల మీద చూపు తిప్పడం. ఆటిట్యూడ్ ఇండికేటర్, ఎత్తు, మళ్లీ ఆటిట్యూడ్, దిశ, మళ్లీ ఆటిట్యూడ్, వేగం. ఒక్కదాని మీదే చూపు నిలిచిపోతే మిగతావి జారిపోతాయి. ఇందులో అన్నిటికన్నా నన్ను కష్టపెట్టింది పరికరమే చెడిపోయే పాఠం. ముల్లును నమ్ము అని ఇన్నాళ్లూ చెప్పి, ఇప్పుడు ఏ ముల్లును అని అడుగుతారు. మా పాత సెస్నాలో ఆటిట్యూడ్ ఇండికేటర్ వాక్యూమ్ పంపు మీద, మలుపును చూపించే టర్న్ కోఆర్డినేటర్ విద్యుత్తు మీద నడుస్తాయి. పంపు పోతే ఆటిట్యూడ్ ఇండికేటర్ టక్కున పడిపోదు, మెల్లగా ఒరుగుతుంది. దాని వెంటే పైలట్ కూడా విమానాన్ని ఒరిగిస్తాడు.

మనవాళ్లలో పెద్దవాళ్లకు ఎయిర్ ఇండియా ‘ఎంపరర్ అశోక’ గుర్తుండే ఉంటుంది. 1978 జనవరి 1 రాత్రి బొంబాయిలో లేచిన ఆ బోయింగ్ 747 రెండు నిమిషాలలోపే బాంద్రా తీరం దగ్గర అరేబియా సముద్రంలో పడింది. 213 మందీ చనిపోయారు. కెప్టెన్ ముందున్న ఆటిట్యూడ్ ఇండికేటర్ చెడి విమానం కుడికి ఒరిగినట్టే చూపిస్తూ ఉండిపోయింది. ఆయన ఎడమకు తిప్పుతూ పోయారు. ముందున్నది చీకటి సముద్రం, సరిచూసుకోవడానికి దిగంతం లేదు. అంత పెద్ద విమానంలో, అంత అనుభవమున్న సిబ్బందికే ఇలా జరిగింది. అప్పటినుంచి ఒక పరికరం మాట రెండో పరికరం ఒప్పుకుంటేనే నమ్మడం నా పద్ధతి. వాక్యూమ్ గేజీని టేకాఫ్‌కు ముందు ఒకసారి చూసి వదిలేయకుండా, దారి పొడవునా చూస్తుంటాను.

మిగతా అలవాట్లు చిన్నవే. జలుబు చేసి చెవులు దిబ్బడ వేస్తే ఎగరను. ఆఫీసులో అలసిన రోజు రాత్రి ఎగరను. రాత్రిపూట 5,000 అడుగుల దగ్గరే ప్రాణవాయువు తగ్గడం చూపు మీద ప్రభావం చూపిస్తుంది గనక ఎత్తులో వెళ్లేటప్పుడు ఆక్సిజన్ వెంట ఉంచుకుంటాను. ప్రయాణికులను ఎక్కించుకోవాలంటే గత 90 రోజుల్లో 3 రాత్రి టేకాఫ్‌లు, 3 ల్యాండింగులు చేసి ఉండాలన్నది నియమం. నేను అంతకన్నా తరచుగా చేస్తాను, ఏడాదిలో ఒకటి రెండుసార్లైనా ఇన్‌స్ట్రక్టర్‌ను కూర్చోబెట్టుకుని వెన్నెల లేని రాత్రే ఎంచుకుంటాను. ఆటోపైలట్ ఉన్న విమానం అద్దెకు దొరికితే ఇంకాస్త డబ్బు పెట్టి అదే తీసుకుంటాను.

రేటింగు వచ్చాక ఆ తమ్ముడినీ అతని భార్యనూ రాత్రివేళ టూసాన్ తీసుకెళ్లాను. ఇన్‌స్ట్రుమెంట్ ఫ్లైట్ ప్లాన్ వేశాను. ఏ ఎత్తులో ఉండాలో, ఎటు తిరగాలో కంట్రోలర్లు దారంతా చెబుతూనే ఉన్నారు. పికాచో శిఖరం పక్కనుంచి వెళ్తున్నప్పుడు అది ఎక్కడుందని అతను అడిగాడు. మ్యాపు మీద వేలు పెట్టి చూపించాను. 3,374 అడుగుల ఆ శిఖరం బయట మాత్రం మాలో ఎవరికీ కనిపించలేదు. మేం దానికి చాలా పైన ఉన్నాం. ఊళ్ల దీపాలు చూడడం వాళ్లకే వదిలేశాను, నా కళ్లు ఎక్కువసేపు ప్యానెల్ మీదే ఉన్నాయి.